ముహూర్తం దగ్గరపడుతోంది, చర్మంతో ప్రయోగాలు ఆపండి

పెళ్లి పనులు మొదలైన ప్రతి ఇంటికీ ఈ హెచ్చరిక. వధూవరుల్లో ఎవరికి బొల్లి మచ్చలున్నా, సోరియాసిస్ ఉన్నా, తామర, మొటిమలు, మంగు ఉన్నా, ముహూర్తంలోపు మాయం చేసేద్దామని సొంతంగా ఏ వైద్యమూ మొదలుపెట్టకండి. మందు రాసుకుని ఎండలో కూర్చోవడం, అతినీలలోహిత దీపం కొని తెచ్చుకుని ఇంట్లో వెలిగించుకోవడం, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన పూతమందు ముఖానికి రాయడం ఈ రోజే ఆపండి. డాక్టరు దగ్గర కాంతి చికిత్స తీసుకుంటున్నవారు ఒంటి మీద నగలతో చికిత్స గదిలోకి వెళ్లకండి.

ఈ మాట ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో మరింత గట్టిగా చెప్పాలి. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు మనవళ్ల, మనవరాళ్ల పెళ్లిళ్లు జరుగుతున్నాయి. మన ముహూర్తాలు ఎక్కువగా పడేది వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో. మన దుర్గ్ జిల్లాలో ఎండ 44 డిగ్రీలు దాటేదీ అప్పుడే. రోహిణి కార్తెలో, ఇక్కడివాళ్లు నౌతపా అని పిలిచే ఆ తొమ్మిది రోజుల్లో, మిట్టమధ్యాహ్నం బయటికి రావడానికే జనం వెనకాడతారు. అలాంటి ఎండలో మెడనిండా నగలు పెట్టుకుని పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకుంటున్నారు. చర్మవ్యాధి ఉన్న మనిషికి ఇది మామూలు ముచ్చట కాదు, ప్రమాదం.

ముందు కాంతి చికిత్స సంగతి. సోరియాసిస్‌కు, బొల్లికి ఆసుపత్రుల్లో 311 నానోమీటర్ల దగ్గరి యూవీబీ కిరణాలు వాడతారు. వారానికి రెండు మూడుసార్లు, మొదట చాలా తక్కువ మోతాదుతో ఆరంభించి, చర్మం తట్టుకునే తీరును బట్టి కొద్దికొద్దిగా పెంచుతారు. ఈ లెక్క అంతా ఒక్క షరతు మీద నడుస్తుంది. మొదటి రోజు కిరణాలు పడ్డ చోటే చివరి దాకా పడాలి, కప్పి ఉంచిన చోటు కప్పే ఉండాలి. నిశ్చితార్థంలో వేసిన గొలుసు తీయకూడదన్న సెంటిమెంటుతో అమ్మాయి పది విడతలు గొలుసుతోనే నిలబడి, పదకొండోసారి తీసేసిందనుకోండి. ఆ గొలుసు కింది చర్మానికి అది మొదటి విడతే. పడేది మాత్రం పదకొండో విడత మోతాదు. గొలుసు ఎంత మేర ఉండేదో అంత మేరా గీత గీసినట్టు కాలుతుంది. అసలు తీయకపోతే ఆ చోట మందు పడనట్టే. మచ్చ అక్కడే మిగిలిపోతుంది, చుట్టూ చర్మం నల్లబడి అది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పైగా లోహం కిరణాలను పక్కకు మళ్లిస్తుంది.

అందుకే గొలుసు, గాజులు, ఉంగరం, ముక్కుపుడక, మొలతాడు ఏదున్నా మొదటి విడత నుంచీ తీసేయాలి. తీయడానికి వీల్లేనిది ఉంటే ముందే టెక్నీషియన్‌కు చెప్పాలి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. తిరిగే యంత్రం దగ్గరికి ఉంగరం తీసి వెళ్లాలని ప్లాంటులో నేర్చుకున్న కుటుంబాలు మనవి. ఆ క్రమశిక్షణే ఇక్కడా కావాలి.

ఇంకో నిజం కూడా ముందే తెలుసుకోవాలి. బొల్లికి కాంతి చికిత్స పనిచేస్తోందో లేదో తేలడానికే నెలలు పడుతుంది. పెళ్లికి నెల రోజులే ఉందని మోతాదు రెట్టింపు చేస్తే రంగు త్వరగా రాదు, బొబ్బలు వస్తాయి. కాలిన చోట, గీరుకున్న చోట, వ్యాక్సింగ్ చేయించిన చోట, బిగుతు వడ్డాణం ఒరుసుకున్న చోట సోరియాసిస్, బొల్లి కొత్తగా మొలుస్తాయి. దీన్ని వైద్యులు కోబ్నర్ లక్షణం అంటారు. అంటే తొందరపాటు ఉన్న మచ్చను తగ్గించకపోగా కొత్త మచ్చకు దారి వేస్తుంది.

ఆసుపత్రి దాకా వెళ్లకుండా ఇంట్లోనే వైద్యం చేసుకునేవారి పరిస్థితి ఇంకా ఘోరం. బావంచాల నూనె రాసి ఎండలో కూర్చుంటే బొల్లి పోతుందని పెద్దలు చెబుతారు. బావంచాల్లోని సోరాలెన్‌లను వైద్యులూ వాడతారు. కానీ వాళ్లు మందును పలచన చేస్తారు, ఎండలో ఉండాల్సిన నిమిషాలు లెక్కపెడతారు. ఇంట్లో చిక్కటి నూనె పట్టించి భిలాయి మధ్యాహ్నంలో కూర్చుంటే చర్మం నిప్పు తగిలినట్టు కాలుతుంది. ఆ కాలడం అప్పటికప్పుడు తెలియదు. రెండు మూడు రోజులకు ముదురుతుంది. అప్పటికి ఇల్లంతా చుట్టాలతో నిండి ఉంటుంది.

నలుగులో నిమ్మరసం కూడా ఇలాంటిదే. శనగపిండి, పసుపు, నూనె మనకు అలవాటైనవి. అందులో నిమ్మరసం పిండి, తొక్కతో ముఖం, మెడ రుద్ది, స్నానమైన వెంటనే ఎండలోకి వెళ్తే నిమ్మజాతి పండ్లలోని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని దెబ్బతీస్తాయి. ఒకటి రెండు రోజుల్లో ఎర్రటి చారలు, బొబ్బలు లేస్తాయి, అవి మానాక మిగిలే నల్లటి మరకలు నెలల తరబడి ఉంటాయి. పెళ్లికూతుర్ని చేసే రోజున నలుగు పెట్టండి, నిమ్మకాయ మాత్రం వంటింట్లోనే ఉంచండి.

ఇక నగలు. బంగారం ధర చూసి చాలా ఇళ్లలో వన్ గ్రామ్ గోల్డ్ హారాలు, చంపసరాలు, వడ్డాణాలు కొంటున్నారు, అద్దెకు తెస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ బంగారు పూత కింద నికెల్ ఉండే నగలు చాలా ఉన్నాయి. చెమట ఆ నికెల్‌ను కరిగించి చర్మానికి అంటిస్తుంది. అది పడనివారికి దురద, దద్దుర్లు, రసి కారడం ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత మొదలవుతాయి. నలుగు రోజు పెట్టిన నగ పుండు సరిగ్గా తాళి కట్టే వేళకు మెడ మీద తేలుతుంది. పెళ్లికి నెల ముందే ఆ నగలను కొన్ని గంటలు పెట్టుకుని, మూడు రోజులు ఆగి చర్మం చూసుకోండి. ఇదివరకు చెవిదిద్దులకో, జీన్స్ గుండీకో దురద వచ్చినవారు నికెల్ ఉన్న నగల జోలికే పోవద్దు. మధ్యాహ్నపు ఎండలో వేడెక్కిన నగను పచ్చి చర్మం మీద ఉంచొద్దు. బొట్టుబిళ్ల జిగురు వల్ల నుదుట తెల్లమచ్చ వస్తుంటే అది మానేయండి. ఎర్రగా కాకుండా నల్లగా పండే గోరింటాకు కోన్‌లలో జుట్టుకు వేసే రంగు కలిపి ఉండొచ్చు. వాటిని ముట్టొద్దు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం తెల్లబడే క్రీములది. సుపేలా బజారులో కొన్నా, పవర్ హౌస్ బజారులో కొన్నా, విశాఖ నుంచి చుట్టాలు రైల్లో తెచ్చినా, ట్యూబు మీద క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ అన్న పేర్లుంటే అవి స్టెరాయిడ్లు. వారంలో ముఖం మెరుస్తుంది, ఆ తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, మానేసిన రోజు నుంచి మంట మొదలవుతుంది. తామర మీద రాస్తే దురద తగ్గినట్టుండి లోపల పాకిపోతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడగకుండా అమ్మడం నేరం. చీటీ లేకుండా అడగడం మన ముఖానికి మనం చేసుకునే ద్రోహం.

పేరూ ఊరూ లేని క్రీముల్లో పాదరసం కూడా ఉండొచ్చు. మన నిబంధనల ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో అది పది లక్షల వంతుల్లో ఒక వంతు మించకూడదు. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు నమోదు చేసిన 22 మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండాల వ్యాధి కేసుల్లో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే. ముఖానికి రాసిన మందు మూత్రపిండాల దాకా వెళ్తుందని ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మాత్రలు వాడుతున్న అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్, సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్, ఎసిట్రెటిన్ గర్భంలోని బిడ్డకు తీవ్ర హాని చేస్తాయి. ఎసిట్రెటిన్ మానేశాక కూడా మూడేళ్లు గర్భం దాల్చకూడదు. పెళ్లి కుదిరిందన్న మాట డాక్టరుకు వెంటనే చెప్పండి. చెప్పకుండా మానేయడం కూడా తప్పే. ఐసోట్రెటినోయిన్ వాడుతూ వ్యాక్సింగ్ చేయిస్తే చర్మం ఊడి వస్తుంది. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడేవారికి మామూలు ఎండే ఎక్కువవుతుంది. సోరియాసిస్‌కు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు ఇచ్చి వారంలో తగ్గించేవారిని నమ్మకండి. అవి ఆగాక ఒళ్లంతా చీముపొక్కులతో ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది.

మరేం చేయాలి? సంబంధం ఖాయమైన వెంటనే భిలాయి సెక్టార్-9 ఆసుపత్రిలోనో, రాయ్‌పూర్ ఎయిమ్స్‌లోనో, మరెక్కడైనా అర్హత ఉన్న చర్మవైద్యుడికి చూపించండి. పెళ్లి తేదీ, వాడే మందులు, పెట్టుకోబోయే నగలు అన్నీ చెప్పండి. ఆఖరి నెలలో ఫేషియల్, బ్లీచ్, డీ-టాన్ ఏదీ కొత్తగా మొదలుపెట్టొద్దు. ఎండకు కమిలిన ముఖం మీద బ్లీచ్ వేస్తే రసాయనంతో మళ్లీ కాల్చినట్టే. ఫొటోలు ఉదయం ఎనిమిదిలోపు తీయించుకోండి. స్పర్శ తెలియని తెల్లమచ్చ ఉంటే బొల్లి అని వదిలేయకండి. కుష్ఠు ఇంకా ఉన్న రాష్ట్రం మనది. దాని మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, వ్యాధి పూర్తిగా నయమవుతుంది. బొబ్బలు లేచినా, కళ్లు మండి చూపు మసకబారినా, జ్వరంతో చీము పట్టినా, పెదవులు వాచి ఊపిరి ఆడకపోయినా ముహూర్తం చూసుకోకండి. 108కు ఫోన్ చేయండి. కాలిన చోట చల్లటి నీళ్లు పోయండి. పేస్టు, సిరా పూయకండి, మంచుగడ్డ పెట్టకండి.

అత్తలకు, పిన్నులకు, ముఖ్యంగా వియ్యాలవారికి ఒక విన్నపం. బొల్లి అంటదు. సోరియాసిస్ అంటదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు. ఆ మచ్చను దాచాలన్న భయమే పిల్లల్ని చాటుమాటు వైద్యాల్లోకి నెడుతోంది. సెక్టార్-5 బాలాజీ మందిరానికి వచ్చే కుటుంబాలు, మన తెలుగు సంఘాలు, పార్లర్లు నడిపే అక్కచెల్లెళ్లు, మెడికల్ షాపుల యజమానులు ఈ మాటను ఈ పెళ్లిళ్ల కాలంలో ఇంటింటికీ చేర్చాలి. మచ్చ ఉన్న ముఖంతోనే పెళ్లి హాయిగా జరుగుతుంది. కాలిన ముఖంతో, చెడిన మూత్రపిండాలతో జరగదు. మీ ఇంట్లో చీటీ లేకుండా కొన్న ట్యూబు ఉంటే ఈ రోజే డాక్టరుకు చూపించండి.