సైరంధ్రి మొర వినువారెవరు?

వానలు వెనుకబడిన యేట విరాటపర్వము చదివించుట తెలుగు పల్లెలలో తరతరములుగా వచ్చిన ఆచారము. వానకొరకు విన్నను, పరీక్షకొరకు చదివినను, కీచకవధ ఘట్టము రాగానే అందరి మనస్సును భీమసేనునిమీదికే పోవును. నర్తనశాలలోని చీకటి, ముద్దయై పడిన కళేబరము - ఇవియే జ్ఞాపకముండును. దుర్మార్గుడు చచ్చెను గనుక న్యాయము జరిగినదని శ్రోత తృప్తిపడి లేచును. ఆ వధకు ముందు సైరంధ్రి ఎన్ని తలుపులు తట్టినదో, తట్టిన ప్రతి తలుపును ఎట్లు మూతపడినదో లెక్కించి చదువువారు తక్కువ.

ఆమె రాజాంతఃపురమున కొలువు చేయుచున్న స్త్రీ. మదిర తెమ్మని సుదేష్ణ తనను కీచకుని యింటికే పంపబోగా, అక్కడికి పంపవలదని బ్రతిమాలుకొన్నది. రాణి వినలేదు. వాడు చేయిపట్టగా తప్పించుకొని నిండుకొలువునకు పరుగెత్తినది. రాజు చూచుచుండగనే వాడామెను జుట్టుపట్టి యీడ్చి తన్నెను. విరటుడేమనెను? తన పరోక్షమున మీ యిరువురి నడుమ ఏమి జరిగినదో తెలియక తీర్పెట్లు చెప్పుదునని తప్పించుకొనెను. సభాసదులు కీచకుని నిందించిరి, ఆమెను మెచ్చుకొనిరి. అంతటితో వారి పని తీరినది. ధర్మము నెరిగిన కంకుడు సైతము ఇక్కడ నిలువక లోనికి పొమ్మనెను. అజ్ఞాతవాసపు గడువు ఆయన నోరు కట్టినదనుట నిజమే. అయినను ఆ క్షణమున ఆమెకు దక్కినది 'లోనికి పొమ్ము' అను మాట యొక్కటియే. చివరకు అర్ధరాత్రమున వంటయింటికి పోయి మొరపెట్టుకొనవలసి వచ్చినది. కీచకుడు చచ్చిన తరువాతనైన ఆమెకు శాంతి లేదు. ఉపకీచకులు ఆమెను శవముతో కట్టి శ్మశానమునకు మోసికొనిపోయిరి. అదియును గడచిన పిమ్మట, ఇక నీవు ఈ యూరు విడిచి పొమ్మని రాజు రాణిచేత చెప్పించెను. పదుమూడు దినముల గడువు ఆమె అడిగి తీసికొన్నది.

ఈ వరుస నేటి కళాశాలకు పరాయిది కాదు. వసతిగృహపు వార్డెను 'నీవే జాగ్రత్తగా ఉండవలసినది' అనును. శాఖాధ్యక్షుడు తన యెదుట జరుగలేదు గనుక తనకు తెలియదనును. తోటి అధ్యాపకులు విశ్రాంతిగదిలో సానుభూతి చూపుదురు. ప్రిన్సిపాలు కళాశాల పేరు చెడునని తల్లిదండ్రులను పిలిపించి, అమ్మాయికి టి.సి. ఇప్పించి వేరుచోట చేర్చుట మంచిదని సలహా చెప్పును. ఊరు విడిచి పొమ్మనుటకు ఈ టి.సి. కన్న నాగరికమైన పేరు దొరకదు. పత్రికలలో 'కీచక గురువు' అను శీర్షిక తరచు కనబడుచుండును. తెలుగున కీచకుని పేరు జాతీయమైనది. విరటుని పేరు మాత్రము కాలేదు. కావలసియుండెను.

విరటుని కాలమున లేనిది నేడు కలదు. అది శాసనము. రాజస్థానమున బాల్యవివాహమును అడ్డుకొన్నందుకు 1992లో ఒక గ్రామసేవిక పొందిన ఘోరావమానమునుండి పుట్టిన వ్యాజ్యమున, 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు 'విశాఖ' తీర్పు చెప్పెను. స్త్రీలు పనిచేయు ప్రతి చోటను ఇట్టి ఫిర్యాదులు వినుటకు ఒక సంఘముండవలెనని ఆ తీర్పు శాసించెను. పదునారేండ్లకు, 2013లో, అది పార్లమెంటు చట్టమైనది. విద్యాసంస్థలును ఆ చట్టము దృష్టిలో పనిచోటులే. ఫిర్యాదు చేయు స్త్రీ ఏ వయస్సుదైనను, ఉద్యోగిని అయినను కాకున్నను చెల్లునని చట్టము వాచ్యముగా చెప్పినది; కావున విద్యార్థిని 'నేను ఉద్యోగిని కాను గదా' అని వెనుకాడ పనిలేదు. కళాశాలలకు, విశ్వవిద్యాలయములకు ప్రత్యేకముగా యు.జి.సి. 2015 నాటి నిబంధనలను 2016లో ప్రకటించెను.

ఈ నిబంధనలలో రెండంశములు మెచ్చదగినవి. అంతర్గత ఫిర్యాదుల కమిటీకి సీనియరు స్త్రీ అధ్యక్షత వహింపవలెను, సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ స్త్రీలుండవలెను, బయటినుండి ఒక సభ్యుడో సభ్యురాలో రావలెను - ఇవి చట్టమున ఉన్నవే. యు.జి.సి. దీనికి తోడుగా, వైస్ ఛాన్సలరు, రిజిస్ట్రారు, డీను, శాఖాధ్యక్షుడు వంటి పాలనాధికారులు కమిటీలో ఉండరాదనియు, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైనచో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూర్చుండవలెననియు చెప్పినది. విరటుడు తన కొలువున తానే తీర్పరి కాకూడదనుటయే దీని భావము. రెండవది, విచారణ సాగుచున్నంత కాలము ఆరోపితుడైన అధ్యాపకుడు ఆ విద్యార్థిని జవాబుపత్రములు దిద్దకుండ, ఆమె పనికి విలువ కట్టకుండ కమిటీ సిఫారసుపై ఆపవచ్చును. అంతర్గత మార్కుల భయమెట్టిదో ఎరిగినవారికి ఈ వాక్యము విలువ తెలియును.

లోపము లేకపోలేదు. ఘటన జరిగిన మూడు నెలల లోపల ఫిర్యాదు వ్రాసి ఇయ్యవలెను. తగిన కారణమున్నచో కమిటీ మరి మూడు నెలలు పొడిగింపవచ్చును. ఒక సెమిస్టరు దాటుటకే మూడు నెలలు చాలవు. ఫలితములు వచ్చువరకు నోరు మెదపని పిల్లకు గడువు అప్పటికే తీరియుండును. ఈ గడువు పెంచదగినది. అంతవరకు కమిటీలు పొడిగింపు విషయమున ఉదారముగా ఉండుట వారి చేతిలోని పని. వ్రాయుట చేతకానివారికి వ్రాయుటలో సాయపడవలసిన విధియు చట్టము కమిటీపైననే పెట్టినది. ఇది చాలమంది సభ్యులకే తెలియదు.

రహస్యము మాట. ఫిర్యాదు చేసినవారి పేరు, ఆరోపితుని పేరు, సాక్షుల పేర్లు, విచారణలోని విషయములు బయటపెట్టరాదని 2013 చట్టపు 16వ సెక్షను. సమాచారహక్కు చట్టము పేరు చెప్పియు వాటిని రాబట్టుట కుదరదు. అతిక్రమించినవారినుండి రాబట్టు జరిమానా ఐదువేల రూపాయలు. పల్లెటూరి పిల్ల పరువునకు కట్టిన ఈ వెల మిక్కిలి చౌక. అత్యాచార నేరమైనచో బాధితురాలి గుర్తు తెలియజేయుట భారతీయ న్యాయసంహిత ప్రకారము రెండేండ్లవరకు శిక్షకు తగిన నేరము. ఈ రక్షణ ఊరక వచ్చినది కాదు. 1978లో హైదరాబాదున పోలీసుల చేతిలో ఒక స్త్రీ చెరచబడి, ఆమె భర్త ప్రాణములు కోల్పోయినప్పుడు నగరమెల్ల అట్టుడికినది. విచారణ సంఘము పోలీసులను తప్పుపట్టినను, కేసు కర్ణాటకమునకు బదిలీ కాగా వారు విడుదలైరి. ఆనాడు ప్రశ్నలన్నియు ఆమె నడవడిని గూర్చియే. మరుసటి యేడు, మహారాష్ట్రమున ఒక గిరిజన బాలికను చెరచిన పోలీసులను సుప్రీంకోర్టు విడిచిపెట్టగా, నలుగురు న్యాయశాస్త్రాధ్యాపకులు - ఉపేంద్ర బక్షీ, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లతికా సర్కార్ - ప్రధానన్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసిరి. ఆ లేఖ రేపిన కదలికనుండియే 1983లో శిక్షాస్మృతి మారినది. బాధితురాలి పేరు అచ్చువేయుట నేరమైనది కూడ అప్పుడే. బడిపంతుళ్లకు ఏమి చేతనగునని అడుగువారికి ఆ నలుగురును అధ్యాపకులేయని గుర్తుచేయవచ్చును.

ఇక చిక్కంతయు ఇచ్చటనే కలదు. 'ఎవరికిని చెప్పనని మాటయిండు, చెప్పెదను' అని ఒక పిల్ల ఉపాధ్యాయురాలి యెదుట నిలిచినప్పుడు, మాట యియ్యవచ్చునా? పదునెనిమిదేండ్లు నిండినవారి విషయమున అధ్యాపకుడు విని, గుట్టుగా ఉంచి, మార్గములు తెలిపి, నిర్ణయమును ఆమెకే విడువవచ్చును. ఓదార్పు వేరు, ఫిర్యాదు వేరు. ఆమె సలహాదారుతో మాటలాడి ఊరకుండవచ్చును, కమిటీకి మాత్రమే పోవచ్చును, పోలీసులవద్దకు పోవచ్చును, రెండింటికిని పోవచ్చును. ఒకదానికి పోయినచో రెండవది మూతపడదు. కాని తెలుగునాట ఇంటర్మీడియెట్ విద్యార్థులలో హెచ్చుమంది పదునారు, పదునేడేండ్లవారు. ఉన్నత పాఠశాల పిల్లల సంగతి చెప్పనేల. వారికి వర్తించునది 2012 నాటి పోక్సో చట్టము. దాని 19వ సెక్షను ప్రకారము, పిల్లపై లైంగిక నేరము జరిగినదని తెలిసిన ప్రతివ్యక్తియు పోలీసులకు తెలుపవలెను. తెలుపనివారికి ఆరు నెలలవరకు, తన క్రిందివారి నేరమును దాచిన సంస్థాధిపతికి ఏడాదివరకు శిక్ష కలదు.

ఈ నిర్బంధము పిల్లల నోరు మూయించుచున్నదని వాదించువారున్నారు. ఆ వాదమున బలము లేకపోలేదు. పోలీసులకు తెలియునన్న భయముతోనే కొందరు ఎవరికిని చెప్పక మానుదురు. అయినను, దాచుటకు వెసులుబాటు ఇచ్చినచో ఆ వెసులుబాటును వాడుకొనునది పిల్ల కాదు, సంస్థ. పరువు పేరిట కప్పిపుచ్చిన యజమాన్యములను చూచిన సమాజము ఆ సెక్షనును సడలింపుమని అడుగుట తొందరపాటు. చేయదగినది మరియొకటి కలదు. ఉపాధ్యాయుడు నిలుపుకొనలేని మాట ఇయ్యకుండుట. 'నీవు చెప్పినది తరగతిలో గాని, స్టాఫు గదిలో గాని ఎవరికిని తెలియదు. కాని నీ వయస్సువారి విషయమున పోలీసులకు తెలుపుమని చట్టము నన్ను కట్టివేసినది. తెలుపునప్పుడు నేను నీ వెంట ఉందును' - ఈ మాటలు ముందుగా చెప్పవలెను, విన్న తరువాత కాదు. పిల్లను మోసపుచ్చి రహస్యము రాబట్టి, మరునాడు పోలీసులను పిలిచినచో, ఆ పిల్ల జన్మలో మరి యొకరిని నమ్మదు.

పోలీసులనగానే ఖాకీ దుస్తులు, ఠాణా గుమ్మము కళ్లకు కట్టును. బాలిక వాఙ్మూలమును ఆమె యింటనో, ఆమె కోరిన చోటనో, వీలైనంతవరకు స్త్రీ అధికారియే నమోదు చేయవలెననియు, అప్పుడు యూనిఫారము ధరింపరాదనియు, తల్లిదండ్రులో ఆమె నమ్మినవారో దగ్గర ఉండవలెననియు, రాత్రివేళ ఠాణాలో ఉంచరాదనియు పోక్సో చట్టము చెప్పినది. పెద్దవారి విషయమునను, ఘటన ఏ ఊర జరిగినను ఏ ఠాణాలోనైనను ఎఫ్.ఐ.ఆర్. వ్రాసికొనవలసినదే. హాస్టలు గుంటూరున, ఇల్లు శ్రీకాకుళమున అయినచో ఇంటికి పోయియు ఫిర్యాదు ఇయ్యవచ్చునన్నమాట. ఈ నేరములలో ఫిర్యాదు వ్రాసికొనని అధికారి తానే శిక్షార్హుడు.

ఆసుపత్రి సంగతి పాఠ్యపుస్తకములలో లేదు గనుక ఇక్కడ చెప్పక తప్పదు. ప్రభుత్వ ఆసుపత్రియైనను ప్రైవేటుదైనను అత్యాచార బాధితురాలికి ఉచితముగా, వెంటనే చికిత్స చేయవలెను. పోలీసులకు తెలుపవలసిన బాధ్యత ఆసుపత్రికి కలదు గాని, ముందు ఎఫ్.ఐ.ఆర్. తెమ్మని త్రిప్పిపంపు అధికారము లేదు. గర్భనిరోధక మాత్రలకును, హెచ్.ఐ.వి. నివారణ మందులకును మూడు దినములు దాటరాదు. ఎంత త్వరగా పోయిన అంత మేలు. ఒంటిమీది బట్టలను ఉతుకక కాగితములో చుట్టి ఉంచవలెను, ప్లాస్టిక్ సంచి పనికిరాదు. కన్యాత్వమును వ్రేళ్లతో పరీక్షించు పాతపద్ధతిని ఇక చేసినచో దుష్ప్రవర్తనగా ఎంచవలెనని 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పినది. స్త్రీలకు 181, పిల్లలకు 1098, మనస్సు చెదిరినవారితో తెలుగులో మాటలాడుటకు టెలి-మానస్ వారి 14416 - ఇవి డబ్బడుగని ఫోను సంఖ్యలు. 'సఖి' కేంద్రములలో వైద్యము, న్యాయసలహా, తాత్కాలిక ఆశ్రయము ఒకేచోట లభించును.

అబద్ధపు ఫిర్యాదుల మాటయేమని అడుగువారు ప్రతి సభలోను ఒకరుందురు. బుద్ధిపూర్వకమైన అబద్ధమునకు చట్టములోనే శిక్ష కలదు. రుజువు చేయలేకపోవుట మాత్రము అబద్ధము కాదనియు అదే సెక్షను చెప్పినది. ఆరోపితుని పక్షమును వినకుండ తొందరపడుటయు న్యాయము కాదు. గోవాలోని ఒక విశ్వవిద్యాలయాధ్యాపకుని బర్తరఫు విషయమున, విచారణ హడావిడిగా ముగించినందున సుప్రీంకోర్టు 2023 మే 12న ఆ ఉత్తరువును కొట్టివేసి మరల విచారింపుమనెను. తొందరపాటు వలన నష్టపోయినది ఆరోపితుడు మాత్రమే కాదు. ఫిర్యాదు చేసిన విద్యార్థినులు ఏండ్లకేండ్లు గడచిన పిమ్మట మరల మొదటికి రావలసి వచ్చినది. అదే తీర్పున కమిటీల అమలు దుస్థితిని గూర్చి కోర్టు విచారము ప్రకటించినది.

అమ్మాయిలను గూర్చియే ఇంతసేపు చెప్పుట జరిగినది గాని, పోక్సో బాలురకును వర్తించును; యు.జి.సి. నిబంధనలు మగపిల్లలను, మూడవ లింగమువారిని కూడ తలచినవి. హాస్టళ్లలో ర్యాగింగు పేరిట జరుగు కొన్ని కృత్యములకు సరియైన పేరు ర్యాగింగు కాదు.

కమిటీ సభ్యుల పేర్లు, ఫోను సంఖ్యలు అందరికిని కనబడుచోట ప్రకటింపవలెనని నియమము. పెక్కు కళాశాలలలో ఆ పలక ప్రిన్సిపాలు గది గుమ్మము ప్రక్కనే వ్రేలాడుచుండును. దానిని చదువవలెనన్న పిల్ల అటెండరు చూచుచుండగా, లోపలికి పోవు అధ్యాపకులు చూచుచుండగా, అక్కడ నిలిచి సంఖ్య వ్రాసికొనవలెను. ఏ పిల్లయు వ్రాసికొనదు. ఆ పలకకు మారుప్రతి యొకటి వ్రాయించి బాలికల విశ్రాంతిగదిలో, తలుపు లోపలివైపున కొట్టించుటకు ఏ సర్కారు ఉత్తరువును అక్కరలేదు. రెండు మేకులును, ఒక సుత్తియు చాలును.