ఇల్లు అమ్మబడును. మరి ఊరు?

పాత పెంకుటిల్లు అమ్మకానికి ఉందంటే పూండి చుట్టుపక్కల ఇవాళ ఎవరూ తలెత్తి చూడరు. మామూలైపోయింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో ఏ ఊరి వీధిలోకి వెళ్లినా తాళం పడ్డ గుమ్మాలు కనిపిస్తాయి. పిల్లలు హైదరాబాదులో, ముంబయిలో, అండమాన్‌లో. పెద్దలు పోయారు, లేదా పిల్లల దగ్గరికి పోయారు. మిగిలింది ఇల్లు. దానికి బ్రోకరు కట్టే వెల ఏమిటి? ఎన్ని సెంట్ల స్థలం, రోడ్డుకి ఎంత దూరం. అంతే. ఇంటి విలువ సున్నా. మహా అయితే దూలాలకీ తలుపులకీ పాతకలప రేటు.

అసలు ఏం పోతోందో మనకు తెలుసా? శ్రీకాకుళం పల్లెల్లో పాత ఇళ్లు విడివిడిగా ఉండవు. పక్కింటి గోడే మన గోడ. వీధి పొడవునా ఒకదాన్నొకటి ఆనుకొని, అరుగుకి అరుగు కలిసి ఉంటాయి. ముందు అరుగు, లోపల నడవ, నట్టిల్లు, వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. పెరట్లో కొబ్బరి, పనస, ములగ. మందపాటి మట్టిగోడలు, పైన గూనపెంకు. ఎండాకాలంలో కరెంటు పోయినా కునుకు పట్టే ఇల్లు అది. ఇలాంటి వరసలో ఒక ఇంటిని పడగొడితే పక్కింటి గోడ వానకు నానుతుంది. రెండు వానాకాలాలు పోతే అదీ అమ్మకానికే. అందుకే ఒక ఇల్లు అమ్ముడుపోవడం ఒక కుటుంబం గొడవ కాదు, వీధి మొత్తం గొడవ.

ఇవి జమీందార్ల కోటలు కావు. రైతులు కట్టుకున్నవి. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో అడవి మీద హక్కు కోసం నిలబడి, గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీరగున్నమ్మ నేలకొరిగింది. అడవిలో కలప కొట్టుకునే హక్కు కోసం నెత్తురు చిందిన గడ్డ ఇది. అదే గడ్డ మీద తాతలు ఎత్తిన దూలాలు ఇప్పుడు లారీలెక్కి పోతున్నాయి.

అమ్ముకునేవాళ్లని తిట్టడం తేలిక. వాళ్లెందుకు అమ్ముతున్నారో అడగాలి. కిడ్నీ జబ్బు ఉద్దానాన్ని ఏళ్ల తరబడి పీల్చింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో గానీ ప్రారంభం కాలేదు. అంతకుముందు పెద్ద డాక్టరంటే విశాఖ రైలెక్కడమే. రోగం ముందు బంగారాన్ని తింది, తర్వాత తోటని, ఆఖరికి ఇంటిని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. లక్షల కొబ్బరి చెట్లు కూలాయి. నాటు కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. చెట్టు లేనివాడు పెంకు ఎలా నేయిస్తాడు?

సర్కారు ఏం చేసింది? ఆనాటి విపత్తు సహాయ నిధి నిబంధనల్లో కేంద్రం పెట్టిన లెక్క వినండి. పక్కా ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే 5,200 రూపాయలు. కచ్చా ఇల్లయితే 3,200. పెంకు దించి, వాసాలు మార్చి, మళ్లీ నేయించడానికి ఇది ఏ మూలకి? 2016లో మొదలైన గ్రామీణ ఆవాస యోజనలో 25 చదరపు మీటర్ల కొత్త ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 ఇస్తారు. పాత ఇంటిని బాగుచేసుకుంటానంటే అందులో పైసా లేదు. అంటే పడగొట్టినవాడికే దారి, నిలబెట్టుకునేవాడికి దారి లేదు.

తమిళనాడు చెట్టినాడులో కొన్ని మేడలు హోటళ్లయి బతికాయి. చాలా మేడల స్తంభాలు పాతసామాను దుకాణాలకెక్కాయి. మన మట్టిగోడల ఇళ్లకి హోటలువాడు రాడు. మనుషులు ఉంటేనే అవి బతుకుతాయి. మనుషులు ఉండాలంటే ఇక్కడ పని ఉండాలి, తాగే నీళ్లు ఉండాలి.

2014 విభజన చట్టం 46వ సెక్షన్ ఉత్తరాంధ్ర, రాయలసీమలకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ అని రాసింది. ఏడు జిల్లాలకు వచ్చింది ఎంత? మొదటి మూడేళ్లు జిల్లాకు ఏటా 50 కోట్లు. వలసల జిల్లాకు అది విదిలింపు కాక మరేమిటి?

కాబట్టి అడగాల్సింది సూటిగా అడుగుదాం. తుపాను సాయం ఇంటి మరమ్మతు అసలు ఖర్చును బట్టి ఇవ్వాలి. గృహ పథకంలో పాత ఇంటి మరమ్మతుకీ వాటా ఉండాలి. ఉమ్మడి గోడ ఉన్నచోట ఒక ఇల్లు పడగొడితే పక్కింటి గోడకు రక్షణ కట్టాకే కొత్త పని మొదలవాలి. పంచాయతీ ఆ షరతు పెట్టాలి.

విద్యార్థి మిత్రులారా, ఈసారి సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మీ వీధిలో ఎన్ని తాళాలున్నాయో లెక్కపెట్టండి. ఒక్కో ఇల్లు ఎందుకు మూతపడిందో పక్కన రాయండి. ఉద్యోగ మిత్రులారా, అమ్మక తప్పకపోతే ముందు ఊళ్లోవాళ్లని అడగండి. స్థలంగా కాదు, ఇల్లుగా అమ్మండి. ఆ లెక్క మన చేతిలో ఉంటే అధికారుల్ని నిలదీయొచ్చు. లేకపోతే బ్రోకరు లెక్కే మిగులుతుంది.