జాడీ అడుగున ఉన్న చరిత్ర

వస్తువు పాతబడినంత మాత్రమున దాని విలువ పెరగదు. దాని కథ తెలిసిన మనిషి ఉన్నప్పుడే పెరుగుతుంది. ఉప్పల్, నాచారం ప్రాంతముల పాత ఇండ్లలో మూలబడిన పింగాణి సామాను విషయము ఇట్టిదే.

2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము మహానగరములో విలీనమైనది. 2017లో మెట్రో రైలు వచ్చినది. పెరటి ఇండ్ల స్థానమున అంతస్తుల మేడలు లేచినవి. ఇల్లు ఖాళీ చేయునాడు ముందుగా గుమ్మము దాటేది అటక మీది సామానే. గోధుమరంగు మెడ, మీగడరంగు పొట్ట గల ఊరగాయ జాడీ, అంచున నీలిగీత గల పళ్లెము, జత తప్పిన కప్పు పాతసామాను బండి ఎక్కుతున్నవి.

పింగాణి అని ఒకే పేరున పిలిచేవాటిలో భేదమున్నది. కుమ్మరి కుండ తక్కువ వేడిలో కాలుతుంది, నీటిని పీల్చుతుంది. జాడీ మన్ను సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలి రాయివలె గట్టిపడుతుంది. దానిలోనికి నీరు చొరదు. ఉప్పు, పులుపు దానిని తినవు. ఆవకాయ ఏడాది నిలుచుటకు ఇదియు ఒక కారణము.

కర్మాగారము మూతపడినా, గిరాకి తగ్గినా ఒక నమూనా ఆగిపోతుంది. ఆరింటిలో ఒక పళ్లెము పగిలితే దాని జత అంగడిలో దొరకదు. ఆ జత కోసము జుమ్మెరాత్ బజారు వంటి సంతలలో వెదికేవారిని లోకము పిచ్చివారంటుంది. ఆ మాట సరికాదు. అయితే అద్దాల బీరువాలో దాచి ధర పెరుగునని ఎదురుచూచుట మాత్రము సేకరణ కాదు, వ్యాపారము.

1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియంలో చీనా సెలడాన్ పళ్లెములు కలవు. విషాన్నము వడ్డిస్తే అట్టి పళ్లెము బయటపెట్టునని పూర్వము ప్రభువులు నమ్మేవారు. ప్రభువుల పళ్లెమునకు కాపలా ఉన్నది. పప్పన్నము తిన్న పళ్లెమునకు లేదు. ఆ బాధ్యత పాఠశాలలు వహింపవలెను.

దీనికి ధనము అక్కరలేదు, ఒక నోటుపుస్తకము చాలును. విద్యార్థి తన ఇంటి జాడీని తలక్రిందులు చేసి, అడుగున ముద్ర ఉన్నచో ఆ పేరు, ఊరు, గుర్తు వ్రాసుకొనవలెను. ఎవరు కొన్నారో, ఏ పెండ్లికి వచ్చినదో, అందులో ఏమి నిలువచేసేవారో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి చేర్చవలెను. ఒక తరగతి నోటుపుస్తకములు కలిస్తే అది ఆ పేట చరిత్ర అవుతుంది.

ఒక జాగ్రత్త అవసరము. కొన్ని పాత పాత్రల రంగు పూతలో సీసము ఉండవచ్చును. పూత పగిలినవాటిలో పులుపు పదార్థము పెట్టరాదు, అవి చూచుటకే.

పగిలిన జాడీని అతికించవచ్చును. దానిని కొన్న ఊరి పేరు చెప్పగల ముసలమ్మ వెళ్లిపోయిన తరువాత ఆ పేరును తెచ్చి అతికించుట ఎవరి తరమూ కాదు. కనుక కొత్త ఆవకాయ పెట్టునాడే ఈ పని మొదలుపెట్టుట మంచిది.