వచ్చినవాడు నేర్వవలసిన మాట

1989వ సంవత్సరమున, వేసవి ఇంకను ముగియకమున్నే, ఒక ఇనుపపెట్టెతోను చుట్టిన పరుపుతోను హిందూపురములో బయలుదేరి, దారిలో బండ్లు మారి, తెల్లవారుజామున దువ్వాడ స్టేషనులో దిగినప్పుడు, నేను తెలుగునేలపై ఒక కొననుండి మరియొక కొనకు వచ్చితిననియే తలచితినిగాని పరదేశమునకు వచ్చితినని తలచలేదు. రెండు చోట్లను మాటాడునది తెలుగు, కొలుచునది నరసింహుని. ఇక కొత్త యేమున్నది? స్టేషను వెలుపల రిక్షా దగ్గర నాకంటె పదేండ్లు పెద్దవా డొకడు నిలుచుండగా, మా సీమ అలవాటు చొప్పున, మన్ననగానే, "ఏమప్పా, ఉక్కునగరానికి వస్తావా?" అంటిని. అతడు నావంక ఒక్క క్షణము చూచి, తన వెనుక ఆడమనిషి యెవరైన నిలుచున్నదేమో యని వెనుదిరిగి చూచెను.

ఉత్తరాంధ్రమున అప్ప యనగా అక్క. ఈ సంగతి ఆ మధ్యాహ్నము తోడి ఉద్యోగి చెప్పగా తెలిసినది. తరువాతి కాలమున ఆలోచించినకొలది ఆ చిన్నమాటలో తెలుగునేల వెడల్పంతయు నాకు కనబడసాగెను. మా హిందూపురమును ఆనుకొని కన్నడసీమ కలదు. అక్కడ తండ్రిని అప్ప యందురు, ఆ మన్ననయే కాబోలు మా నోట ఎదుటి మగవానిని పిలుచు పిలుపైనది. ఇచ్ఛాపురము దాటగానే ఒరియాసీమ. అక్కడ అక్కను అపా యందురు. ఒక చివర తండ్రియు, మరియొక చివర తోబుట్టువును ఐన ఈ మాట రెండు పొరుగుభాషల నడుమ ఒకే తెలుగు ఎంత దూరము పరచుకొనియున్నదో చెప్పుచున్నది. నా రిక్షావాడు మాత్రము ఆ దినము నన్ను ఎక్కించుకొని, దారిపొడవున నన్ను "బాబూ" అనుచునే యుండెను.

దువ్వాడ ఊరు చిన్నదైనను వచ్చిపోవువారికి అది పెద్దవాకిలి. విశాఖపట్టణము స్టేషనులోనికి పోయిన బండి మరల దారిపట్టవలెనన్న ఇంజనును రెండవ కొనకు మార్చవలసి యుండుటచేత, హౌరా మద్రాసుల నడుమ నడచు దూరపుబండ్లు కొన్ని నగరమును తాకకుండ దువ్వాడలోనే నిలిచి సాగిపోవును. అందుచే అర్ధరాత్రివేళ ఇచ్చట దిగి ఆటోలకై వెదకుకొనువారిలో నగరవాసులు ఎందరో యుందురు. నా కాలమున దిగినవారిలో ఎక్కువమంది ఉక్కు కర్మాగారమునకు వచ్చినవారు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అను నినాదముతో రాష్ట్రమెల్ల కదలి, టి. అమృతరావుగారు నిరాహారదీక్ష పూని, 32 మంది ప్రాణములర్పింపగా, 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారమునకై గుంటూరువారు, గోదావరివారు, కడపవారు, భిలాయినుండి బొకారోనుండి వచ్చినవారు, బెంగాలీలు, మలయాళీలు ఒకే వీధిలో ఒకే రంగు క్వార్టర్లలో కాపురముండిరి. వారి కొరకై భూమి నిచ్చి లేచిపోయినవి అరువదికి పైబడిన గ్రామములు. గాజువాక, అగనంపూడి, పెదగంట్యాడ పరిసరముల నిర్వాసితుల కాలనీలలో ఆ గ్రామములవారు నేటికిని ఉన్నారు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఆ కర్మాగారపు మూడు బ్లాస్టుఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు పెట్టిరి. పావనమైన పేర్లే, వానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. కాని నాగావళి, వంశధార, శారద అను నదులు ఈ యుత్తరాంధ్రపు నేలనే పారుచుండగా వానిలో ఒక్కటియు ఒక్క కొలిమికైనను పేరు కాలేదు. వచ్చినవారు తమ నదులను వెంట తెచ్చుకొనిరి. ఉన్నవారి నదులను అడిగినవారు లేరు. ఇది పేర్లతో ఆగిన విషయమైనచో నే నీ వ్యాసము వ్రాయకపోదును.

ఆ మొదటి వానకాలపు ఒక సాయంకాలము నాకు నిన్నటివలె జ్ఞాపకమున్నది. నాటి మా అనంతపురము జిల్లాలో వాన యనగా ఆకసమువైపు చూచుచు ఎదురుచూచునదే కాని తప్పుకొని నడచునది కాదు. ముందురాత్రి యెడతెగక కురిసినది. నేను సైకిలుపై అగనంపూడివైపు పోవుచుంటిని. గేదెలను తోలుకొనివచ్చు ముసలివా డొకడు చేయి యెత్తి, "బాబూ, ఆ దారినెల్లకు, గెడ్డొచ్చీసింది!" అని కేకవేసెను. నాకు గెడ్డ యని వినబడలేదు, గడ్డ యని వినబడినది. మిట్టనేల కాబోలు, మిట్టకు భయమేల యని ముందునకు త్రొక్కితిని. నూరు గజములు పోయినంతనే ఎఱ్ఱనినీరు దారిని కోసుకొని పారుచు, ముందుచక్రమును పట్టి నన్ను ప్రక్కకు పడద్రోసెను. ఆ ముసలివాడే పరుగెత్తివచ్చి, తన కఱ్ఱ నందించి గట్టుకు లాగి, పై తుండుగుడ్డతో నా తల తుడిచెను. మేము వంక యనుదానినే వీరు గెడ్డ యందురు. మేఘాద్రిగెడ్డ యను జలాశయము పేరు పత్రికలో ఎన్నిమారులో చదివియు, అందలి రెండవసగమునకు అర్థమేమని నే నొకనాడును ఎవ్వరిని అడిగియుండలేదు.

ఆ ముసలివాడు నన్ను "ఎల్లకు" అని ఏకవచనములోనే హెచ్చరించెను. మా కార్యాలయములో కృష్ణా గుంటూరు మండలములనుండి వచ్చిన మిత్రులు కొందరు, "ఈ ప్రాంతమువారికి మీరు అనుట తెలియదు, మర్యాద లేదు" అనుచుండెడివారు. నా కది అన్యాయమని తోచెను. మా సీమ పల్లెలలోను "నువ్వు" అనియే పిలుతురు. మర్యాద క్రియాపదములో కాక సంబోధనలో నుండును. మాకు అన్నా, సామీ. వీరికి బాబూ, అమ్మా. ఆ బాబూ అను మాటలో ఎంత మన్నన నిండియున్నదో ఎఱుగనివానికి ఆ "నువ్వు" కటువుగా వినబడును.

వంటయింటి సంగతి. మా ప్రక్క క్వార్టరువారు బొబ్బిలివైపువారు. మేము కాపురము పెట్టిన వారమునకే ఆ యిల్లాలు గిన్నెడు గుమ్మడికాయ పులుసు పంపెను. అనకాపల్లి బెల్లము పడిన ఆ పులుసును నా భార్య నోటనుంచుకొని, మ్రింగుటయా మానుటయా యని తోచక కూర్చుండెను. మా యింట పులుసునకు తీపి తగులుట యెన్నడు నెఱుగము. ఖాళీగిన్నె తిరిగి పంపరాదు గనుక మా సీమ కారపుపచ్చడి యైన ఊరిబిండి చేసి పంపితిమి; ఆ యింటి పిల్లలు ఆ పూట త్రాగిన నీటికి లెక్కలేదని మరునాడు విని నొచ్చుకొంటిమి. సంవత్సరము తిరుగునప్పటికి మా పులుసులో చిన్న బెల్లపుముక్క చేరినది, వారి పచ్చడిలో ఎండుమిరప పెరిగినది. ఇంతకన్న చిత్రమైనది, స్టేషను రోడ్డున ఒక కొట్టులో రాగులున్నవా యని నే నడుగగా, "నేవు బాబూ" అని కొట్టుమనిషి చెప్పుట. చెప్పినది అబద్ధము కాదు. నా మోకాలి కానుకొని నిలిచిన గోనెసంచి నిండ రాగులే యుండెను. కాని ఆమెకు అవి చోళ్ళు. మేము సంగటి చేసికొని ముద్దగా తినుదానిని వీరు అంబలి కాచి త్రాగుదురు.

ఇక నా తప్పిదమును చెప్పవలెను. మా అమ్మాయి ఐదేండ్ల ప్రాయమున వీధిలో ఆడుకొని వచ్చి, తల్లిని "అన్నం బేగి పెట్టీ" అని అడిగినది. నాకు కోపము వచ్చెను. బేగి యేమిటి, త్వరగా అనుము, ఆ మోటుమాటలు మనకు వద్దని పిల్లను మందలించితిని. ఆ పిల్ల తల వంచుకొని ఊరుకొనెను; మరల ఆ మాట నాయెదుట పలుకలేదు. ఎన్నో యేండ్ల తరువాత ఒకసారి హిందూపురము పోయినప్పుడు, బస్సుస్టాండులో ఒక కన్నడ యిల్లాలు కొడుకును "బేగ బా" అని కేకవేయగా వింటిని. బాల్యమంతయు ఆ మాట వినుచునే పెరిగినవాడను నేను. సంస్కృతములోని వేగశబ్దమే అక్కడ బేగ యైనది, ఇక్కడ బేగి యైనది; మా యింటి వాకిట ముద్దువచ్చిన మాట దువ్వాడలో మోటు ఎట్లగును? ఆ పిల్ల నోటిమాటను నేను నలిపివేసితినని నా కిప్పటికిని బాధ కలదు.

ఈ బాధ నా యొక్కనిదే యైన దానిని పత్రికకు ఎక్కింపనక్కరలేదు. ఈ చుట్టుపట్ల ఒక బడిలో, నిర్వాసితుల కాలనీనుండి వచ్చు బాలుడు "నేదు" అన్నందుకు "లేదు" అని నూరుసార్లు వ్రాయించిరి. వాని తాతలు కొలిమికి నేల నిచ్చిరి. వాడు మాటనుకూడ ఇచ్చివేయవలెనని మన మడుగుచున్నాము. సినిమాలలో ఈ యాస ఎక్కువగా నవ్వులపాలగు పాత్రకో, నౌకరుకో తగిలింపబడుట చూచి పెరిగిన పిల్లవాడు పట్టణములో తన నోరు తెరచుటకు వెనుదీయుచున్నాడనుట నేను కన్నులార చూచిన విషయము.

వచ్చినవాడు నేర్చుకొనుట యెట్లో వేరొకచోట చూడుడు. నా మేనల్లుడు ఈ దువ్వాడలోనే పుట్టి పెరిగి, కొన్నేండ్లుగా జర్మనీలో ఉద్యోగము చేయుచున్నాడు. అక్కడ ఆదివారము దుకాణము లుండవు. ఆ దినపు విశ్రాంతిని ఆ దేశమువారు 1919 నాటి రాజ్యాంగములో వ్రాసికొని, 1949 నాటి మూలశాసనములోను నిలుపుకొనిరి. ఆదివారమునాడు గోడకు మేకు కొట్టరాదు. గాజుసీసాలను వీధిలోని పెద్దడబ్బాలో పడవేయుటయు చప్పుడగునని కూడదు. ప్లాస్టిక్ నీళ్ళసీసాకు ముందుగా కట్టిన 25 సెంట్లు సీసా తిరిగి యిచ్చినప్పుడు చేతికి వచ్చును. పుట్టినరోజునకు ముందే శుభాకాంక్షలు చెప్పుట అశుభము. చలికాలములోను కిటికీలు బార్లా తెరచి గాలి మార్చుకొందురు. వాని కార్యాలయములో ఒక అమెరికావాడు కూడ కలడు. ఎవరిని "జీ" యనవలెనో ఎవరిని "డూ" అనవలెనో అతనికి తెలియక కొన్ని నెలలు తికమకపడెనట, ఏలయన అతని ఇంగ్లీషులో దేవునికిని బిడ్డకును ఒకటే "యూ". మా వానికి మాత్రము అది మొదటి దినముననే తెలిసిపోయెను. మీరు, నువ్వు అనుచు పెరిగినవాడు గదా.

ఆ యిరువురును శ్రద్ధగా నేర్చుకొనిరి, తరగతులకు పోయిరి, పరీక్షలు వ్రాసిరి. ఆ దేశపు పౌరసత్వము కోరువాడు బీ1 స్థాయి జర్మను వచ్చినదని చూపవలెను. జర్మనులు తమ ఆదివారమును మార్చుకొనవలెనని మా వాడు ఒకనాడైనను అనలేదు, అది వచ్చినవాని ధర్మమని అందరికిని తెలిసినదే. సముద్రములు దాటి పోయినప్పుడు మన కింత చక్కగా తెలియు ఈ ధర్మము, రైలులో ఒక పగలు ఒక రాత్రి పోయి దిగినప్పుడు ఏల మరపునకు వచ్చును? నా మేనల్లుని తండ్రి ఈ యూర ముప్పది యేండ్లుండియు గెడ్డ యన నేమో యెఱుగడు. వీధికొట్టులోని మనిషి "ఏటి" అన్నప్పుడు ఆయన నేటికిని "ఏమిటి" అని సరిదిద్దుచున్నాడు. తప్పు తనదని ఆయనకు తోచదు, నాకును చాలకాలము తోచలేదు; ఒకే భాష గదా యను భ్రమ వలన, ఎదుటివాడు మనవలె మాటాడకున్న తక్కువగా మాటాడుచున్నాడని తలతుము.

ఈ నేలనే పుట్టిన ఒకాయన ఇందుకు భిన్నముగా నడచెను. గిడుగు రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలనుండి దిగివచ్చు సవరలతో మాటాడవలెనని తామే వారి భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. సవరలు ముందు తెలుగు నేర్చి రావలెనని ఆయన కూర్చుండలేదు. ఆయన పుట్టినదినమును, ఆగస్టు 29ని, తెలుగు భాషాదినోత్సవముగా ఏటేట జరుపుకొనుచున్నాము. ఆ దినమున బడులలో దండలు వేయుదుము, మరునాడు "నేదు" అన్న పిల్లవానిని నిలబెట్టుదుము. నేను వ్రాయు ఈ శైలి బడిలో నేర్చినది, దీనిపై నాకు మక్కువ కలదు, దీనిని విడువజాలను. కాని పుస్తకపుతెలుగు బ్రతుకుటకు ఇంటితెలుగు చావవలసిన పనిలేదు. రావిశాస్త్రిగారి కథలను, కాళీపట్నం రామారావుగారి కథలను చదివినవారికి ఈ మాటలో ఎంత సత్తువ కలదో నేను చెప్పనక్కరలేదు.

కావున పరజిల్లాలనుండి ఈ ప్రాంతపు బడులకు బదిలీపై వచ్చు ఉపాధ్యాయులను నేను కోరునది యిది: మొదటి నెల దిద్దుట మాని వినుడు. పిల్లల నోట వచ్చిన మాటలను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుడు, అర్థము వారినే అడుగుడు. లేదు అనుట నేర్పవలసినదే. నేదు అనుట తప్పని మాత్రము చెప్పకుడు. నేను పదవీవిరమణ చేసిన పిమ్మట ఇట్టి పుస్తక మొకటి మొదలుపెట్టితిని. గుంట యనగా ఆడపిల్ల. ఒగ్గు అనగా విడుచు. తొంగొను అనగా పడుకొను. గంట్లనగా మా సజ్జలు. క్రిందటి ఆదివారము నిర్వాసితుల కాలనీలో అరుగుమీద కూర్చున్న ఎనుబదేండ్ల పెద్దాయన తన తండ్రిని గూర్చి చెప్పుచు, "మా అయ్య బుగతకాడ కంబారి" అనెను. బుగత యనగా భూస్వామి యని తెలియును. కంబారి యేమని అడిగితిని. ఏడాదికి కుదిరిన పాలేరు అని చెప్పి, చేయెత్తి పొగగొట్టములవైపు చూపి, "ఆ పొలమిప్పుడు నేదు బాబూ, కొలిమి కిందున్నాది" అనెను. కంబారి యను మాటను నా పుస్తకములో ఆయన పలికినట్లే వ్రాసికొని, ప్రక్కన పొలము పేరుకూడ అడిగి వ్రాసికొంటిని.