పోర్టల్ తెరిచే ముందు

రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి గారికి,

శాఖలన్నిటికీ ఒకే పోర్టల్ అనగానే ముందు టెండరు పిలుస్తారు. పేజీలు రాసేదెవరు, దిద్దేదెవరు అన్నది ఆనక చూసుకుంటారు. చిక్కంతా అక్కడే.

అమెరికాలో ఆరోగ్య బీమా నమోదుకు పెట్టిన ప్రభుత్వ సైటు హెల్త్‌కేర్.గవ్ 2013 అక్టోబరు 1న మొదలైంది. తొలిరోజు నమోదు పూర్తిచేయగలిగింది ఆరుగురే! భాగాలన్నీ కలిపి పరీక్షించింది చివరి రెండు వారాల్లోనని కాంట్రాక్టర్లే అక్కడి చట్టసభ కాంగ్రెస్‌కు చెప్పారు. బ్రిటన్ అలా తొందరపడలేదు. తన ప్రభుత్వ పోర్టల్ గవ్.యూకే నమూనాను 2011లోనే జనం ముందు పెట్టి, 2012 అక్టోబరులో అసలుది తెరిచింది. పాత లింకులు నొక్కినవాళ్లను కొత్త పేజీలకు మళ్లించింది.

మన దగ్గర ఇంకో బాధ ఉంది. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, ఉత్తర్వును ముద్రించి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కించడం ఇంకా కనిపిస్తూనే ఉంది. పక్కకు తిరిగిన ఆ కాగితాన్ని ఓ పెద్దావిడ ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసుకుంటూ తన పింఛను సంగతి వెతుక్కోవాలి. చూపులేని వారి ఫోన్‌కు అదొక బొమ్మ, అందులో చదివి వినిపించేందుకు అక్షరమే దొరకదు.

అందుకే సాఫ్ట్‌వేర్ కొనకముందే ప్రతి పేజీకీ ఒక బాధ్యుణ్ణి, మళ్లీ సరిచూసే తేదీని నిర్ణయించండి. తెలుగు పాఠాన్ని అక్షరాలుగానే పెట్టించండి. ప్రారంభోత్సవ ముహూర్తం మాత్రం పరీక్షలయ్యాకే ఖాయం చేయండి.