కురుచ తుపాకి యెవరికి రక్షణము?

రేపల్లెలో కడపటి రైలు దిగి, డబ్బుసంచితో చీకటిలో పెనుమూడికి పోవు వర్తకునకు దారిలో భయముండుట సహజము. రాత్రియెల్ల రొయ్యలచెరువు గట్టుపై ఒంటరిగా కాపున్న రైతునకును ఆ భయము గలదు. గొట్టమును కోసి కురుచచేసిన తుపాకి యొకటి సంచిలోనో పంచెమాటుననో ఉన్నచో ఈ భయము తీరునని తలచువారు మనలో లేకపోలేదు. ఈ తలంపును వెక్కిరించి త్రోసివేయుట తగదు. ప్రాణభీతితో పుట్టిన ప్రశ్నకు సమాధానము చెప్పవలసినదే.

మొదట హక్కు మాట. తన్ను తాను కాపాడుకొనుట నేరము కాదు. 1860నాటి శిక్షాస్మృతి యీ హక్కును అంగీకరించినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 34వ సెక్షను మొదలు 44వ సెక్షనువఱకు దానినే నిలిపినది. ప్రాణమునకు ముప్పు కలిగినపుడు పారిపోయి తీరవలెనని చట్టము విధింపలేదు. 2010లో పంజాబునుండి వచ్చిన యొక అప్పీలులో, తండ్రి తలపై వేటు పడగా తుపాకి కాల్చిన కుమారుని సుప్రీంకోర్టు నిర్దోషిగా విడిచినది. కావున ఆయుధము పట్టుట ధర్మమా యను చర్చ మనకిచట అక్కఱలేదు. ఈ ఆయుధము ఆ పనికి వచ్చునా యనునదే ప్రశ్న.

ఆయుధముల విషయమున మనవారి పట్టుదల ఊరక పుట్టినది కాదు. 1878లో లిట్టను ప్రభువునాటి ఆయుధచట్టము దేశీయుని చేతికి లైసెన్సు సంకెల వేసి, దొరలకు మినహాయింపులిచ్చెను. ఆ యవమానము మఱవని కాంగ్రెసు 1931లో కరాచీయందు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును పౌరుల ప్రాథమిక హక్కులలో చేర్చినది. స్వతంత్ర భారత రాజ్యాంగము దానిని ప్రాథమిక హక్కుగా స్వీకరింపలేదు. అయినను 1959నాటి ఆయుధచట్టము తన 13వ సెక్షనులో, గొట్టము 20 అంగుళములకు తగ్గని నున్నగొట్టపు తుపాకిని రక్షణముకొఱకు కోరు పౌరునకు, చట్టము చెప్పిన అడ్డంకి లేనిచో, లైసెన్సు ఇయ్యవలెననియే చెప్పుచున్నది. నిరాకరించు అధికారి కారణములను వ్రాసి యుంచవలెను. దానిపై అప్పీలును గలదు. లైసెన్సు లేక గొట్టమును కురుచచేయుటను మాత్రము 6వ సెక్షను నిషేధించినది. 2019 సవరణ పిమ్మట ఆ నేరమునకు కనీసశిక్ష ఏడేండ్ల ఖైదు.

ఈ 20 అంగుళముల గీత మనవారి చాదస్తము కాదు. ఇంగ్లండులో ఆ గీత 24 అంగుళములకడ నున్నది. తుపాకులు అంగడిలో దొరకు అమెరికాలో సైతము 18 అంగుళములకు తగ్గిన గొట్టముగల తుపాకిని ప్రభుత్వమునొద్ద నమోదు చేయింపవలెనని 1934లో శాసించిరి. 1939లో మిల్లరు కేసున అచటి సుప్రీంకోర్టు ఆ శాసనమును నిలిపినది. దేశమున కొక కొలత యైనను భావ మొక్కటే. గొట్టము కోయుటవలన తుపాకికి క్రొత్తగా వచ్చు గుణము దాగుట. దాగుట యెవరికి అక్కఱ? పొంచియుండువానికి.

ఇక ఉపయోగము చూతము. కురుచ తుపాకి గుళ్లను చేటతో చల్లినట్లు చల్లును, గుఱి చూడనక్కఱలేదు అను నమ్మకము గలదు. అది భ్రమ. కొన యిఱుకు చేయని 12 బోరు గొట్టమునుండి వెడలు గుళ్లు గజమునకు సుమారు అంగుళము చొప్పున విచ్చుకొనును. దొంగ నాలుగు గజముల దూరమున నిలిచినచో అవి పిడికెడు మేర మాత్రమే పఱచుకొనును. గుఱి తప్పినచో తప్పినదే. గొట్టము చిన్నదైన కొలది గుఱి చూచుట కష్టము. మడమ కూడ కోసినచో భుజమున ఆనించు వీలుండదు. బరువు తగ్గినచో వెనుకకు తన్ను తన్ను హెచ్చును. గొట్టము దాటి మెఱయు మంట చీకటికి అలవాటుపడిన కన్నులను చెదరగొట్టును. జంటగొట్టమైనను రెండే తూటాలు. దానిని నింపి సంచిలో పెట్టుకొని గతుకుల కరకట్టపై మోటారుసైకిలు నడపువాడు తన తొడకే గుఱిపెట్టుకొని పోవుచున్నాడు. నింపక పెట్టినచో, సంచి విప్పి తూటా దోపువఱకు ఏ దొంగయు ఆగడు. పెనుగులాటలో అది వాని చేత చిక్కినచో, డబ్బుతో పోవలసినది ప్రాణముతో పోవును.

వీటినన్నిటిని దాటి ప్రాణము దక్కించుకొన్నవాని గతి యేమి? ఆత్మరక్షణమునకే కాల్చితినని చూపు భారము, సాక్ష్య అధినియమము 108వ సెక్షను ననుసరించి, అతనిదే. అవసరమునకు మించిన హాని చేయలేదనియు చూపవలెను. న్యాయాధిపతి అతని మాట నమ్మి హత్యానేరమునుండి విడిచినను, కోసిన తుపాకి నేరము వేఱుగా నిలిచియేయుండును. ఎవరు కోసిరి, ఎన్నాళ్లు దాచిరి యను ప్రశ్నలకు దొంగ వచ్చిన రాత్రి జవాబు కానేరదు. లైసెన్సుతో నిండుగొట్టపు తుపాకిని ఇంట నుంచుకొన్నవానికి ఈ చిక్కు లేదు.

దొంగ లైసెన్సు తీసికొని తుపాకి పట్టునా, చట్టము మంచివాని చేతులే కట్టుచున్నది గదా యని కొందఱు అందురు. మాట కొంత నిజమే. కాని వేళను, చోటును నిర్ణయించుకొనువాడు దొంగ. కావున దాచిన ఆయుధము వానికి పనికివచ్చును. కాపాడుకొనువాని అక్కఱ దీనికి తలక్రిందులు. తాను మెలకువగా నున్నాడనియు, ఒంటరి కాడనియు దొంగకు ముందే తెలియవలెను. దీపము, కేక, తోడు ఎంత బహిరంగముగా నున్న అంత బలము.

నాటి గుంటూరు జిల్లాలో 1921-22 సంవత్సరములందు పెదనందిపాడు ఫిర్కా పన్నుల నిరాకరణమునకు నిలిచినపుడు, పర్వతనేని వీరయ్యచౌదరిగారు కూర్చిన శాంతిసేన తుపాకులు పట్టలేదు. ఊరూర కట్టుబాటే దాని బలము. అచట ఎదిరి సర్కారు, ఇచట దొంగ, కాలమును వేఱు. అయినను పదిమంది ఒక మాటపై నిలిచినచో ఒక్కొక్కని భయము తగ్గునను పాఠము నేటికిని చెల్లును.

కావున పెనుమూడి, రేపల్లె ప్రాంతముల పెద్దలు కరకట్టకు దీపములను, రాత్రి పోలీసు గస్తీని గట్టిగా కోరవలెను. చెరువుల రైతులు వంతులవారీగా జంటకాపలా ఏర్పఱచుకొనవలెను. వర్తకులు రొక్కమును పగలే బ్యాంకున జమచేసి, రాత్రి యిద్దఱుగా ప్రయాణము చేయవలెను. ఇంటికి తుపాకి నిజముగా కావలసినవాడు తలయెత్తి దరఖాస్తు పెట్టవలెను. నిరాకరించినచో అప్పీలు చేయవలెను. అధికారులును అట్టి దరఖాస్తులను నెలల తరబడి మూలబెట్టరాదు. న్యాయమైన ద్వారము మూసియుంచి, దొడ్డిదారి పట్టినవారిని నిందించుట ప్రభుత్వమునకు శోభించదు. పౌరునకును దొంగకు తగిన ఆయుధమును దొంగవలె దాచుకొని తిరుగుట శోభించదు.