కాఫీ, శంపాలత

కాఫీ అంటే మన ఇళ్లలో తెల్లవారగానే గ్లాసులో పొగలు కక్కేది. 1973లో వచ్చిన ఒక అమెరికా సినిమాలో మాత్రం అది నల్లజాతి నర్సు పేరు. పామ్ గ్రియర్ వేసిన ఈ కాఫీ, చెల్లెల్ని మత్తుమందుల పాలు చేసినవాళ్లను వెతికి వెతికి తానే దండిస్తుంది.

మనకూ 1938లోనే ‘మాలపిల్ల’ వచ్చింది. కథ చలంగారిది, తీసినవారు గూడవల్లి రామబ్రహ్మం. అందులో కాంచనమాల వేసిన శంపాలతను బ్రాహ్మణ యువకుడు ప్రేమిస్తాడు. ఆ రోజుల్లో అది సామాన్యమైన సాహసం కాదు. అయితే అతని తండ్రి శాస్త్రిగారి మనసు మారేదెప్పుడు? మంటల్లో చిక్కిన ఆయన భార్యను ఒక దళితుడు కాపాడాక!

మా మదనపల్లెలో తరగతిలో ఈ కథ చెబితే, కుప్పం అమ్మాయి లేచి, “ప్రాణం కాపాడితేగానీ మనిషి కాదా సార్?” అంది. నవ్వబోయిన పుంగనూరు కుర్రవాడు నోరు మూసుకున్నాడు.

కాఫీ ఎవరి మనసూ మారాలని కాచుకోలేదు. అలాగని ఆమె తుపాకిని నేను మెచ్చుకోను. పైగా ఆ కథ రాసి, సినిమా తీసిన జాక్ హిల్ తెల్లవాడు. మన సినిమా తీసినవారూ ఆ వాడవారు కారు. ఇద్దరి కథా ఇతరులే చెప్పారు.

అందుకే ఆ అమ్మాయిని ఒక కథ రాసుకు రమ్మన్నాను.